దిబ్బకు యజమాని ఎవరు?

1

2024 ఆగస్టు 31న, ఆ మర్నాడూ జగ్గయ్యపేట ప్రాంతంలో కురిసిన కుండపోత గురించి పత్రికలు రాశాయి. విజయవాడలో బుడమేరు పొంగి పేటలకు పేటలు నీళ్ళలో నిలబడేసరికి మా ఊరి వార్త లోపలి పేజీల్లోకి పోయింది. అది సహజమే. మా వీధిలో జరిగిన ఒక చిన్న సంగతి మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు. అది వార్త కాదు గనక రాలేదు. చరిత్ర గనక ఇక్కడ రాస్తున్నాను.

మా వీధి చివర ఒక మురుక్కాలవ ఉంది. దాని గట్టు మీద "ఇచ్చట చెత్త వేయరాదు" అని రాసిన రేకు ఉంది. ఆ రేకు కిందనే పదేళ్ళుగా మా వీధి చెత్త వేస్తున్నాం. పగలు కాదు, చీకటి పడ్డాక. హోటలువాళ్ళు ఎంగిలి విస్తళ్ళు, కోడిమాంసం కొట్లవాళ్ళు ఈకలూ పేగులూ, ఇల్లు కట్టుకునేవాళ్ళు పాతగోడల పెళ్ళలు, నాలాంటి గౌరవనీయులు మూతికట్టిన నల్ల సంచులు. వాననీరు ఆ కాలవలో పట్టక వెనక్కి తన్నింది. నీళ్ళు తీసేసరికి మేం పదేళ్ళుగా పంపించిందంతా మా గుమ్మాల ముందుకు తిరిగొచ్చింది.

మూడోరోజు పారిశుధ్య కార్మికులు వచ్చారు. వాళ్ళలో ఒకామె బురదలోంచి ఒక సంచిని పారతో లాగింది. అది చిరిగి తడికాగితాలు బయటపడ్డాయి. అవి నా వ్యాసాల ప్రూఫులు. నా పేరు చదవగలిగేటట్టే ఉంది.

"మీ కాయితాలు మళ్ళా మీ ఇంటికే వచ్చినయ్ మాస్టారూ" అన్నది ఆమె. ఎగతాళి లేదు, కోపం లేదు. సంగతి చెప్పింది, అంతే. ఆమె చేతులకు తొడుగులు లేవు.

శ్రామికజనం గురించి నలభై ఏళ్ళు రాసినవాణ్ణి నేను. ఆ శ్రామికజనం చేతుల్లోకి నేను స్వయంగా వేసిందేమిటో ఆ రోజు చూశాను. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది. అయితే సిగ్గుపడి ఊరుకుంటే అది నీతిబోధ అవుతుంది. దొంగతనంగా చెత్త పారేయడం కేవలం జనం అలవాట్ల లోపమా, లేక దానికి చారిత్రకంగా కారణాలున్నాయా అని పరిశీలించడం నా ఉద్దేశం.

2

తెలుగులో "దిబ్బ" అన్న మాట చిత్రమైంది. పెంట పోసిన చోటూ దిబ్బే, పాతకాలపు ఊరు పూడిపోయిన చోటూ దిబ్బే. మన పూర్వులు ఈ రెంటికీ ఒకే మాట వాడటం యాదృచ్ఛికం కాదు. నిన్నటి మనుషులు వదిలేసింది ఇవాళ్టి చరిత్ర.

రాయలసీమలోనూ, బళ్ళారి ప్రాంతంలోనూ, పాలమూరులోనూ బూడిదదిబ్బలున్నాయి. వాటిని రాక్షసుల ఎముకల బూడిద అనేవారు. మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ అలాంటి దిబ్బను తవ్వి, అది నవీన శిలాయుగపు పశుపాలకుల మందదొడ్డి అని తేల్చాడు. పోగుపడిన పేడను వాళ్ళు అప్పుడప్పుడూ తగలబెట్టగా ఏర్పడిన బూడిద అది. అంటే మన ప్రాంతపు మొదటి రైతాంగ చరిత్ర మనకు పెంటదిబ్బలోనే దొరికింది. రాజుల శాసనాలు ఆ తర్వాత చాలా కాలానికిగాని రాలేదు.

మా పేట సంగతే చూద్దాం. ఊరి పక్కన ధనంబోడు అని ఒక గుట్ట ఉంది. బోడు అన్నా గుట్టే, దిబ్బే. 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి అది బౌద్ధస్తూపం అని గుర్తించేనాటికే దాని పలకలు చాలా మటుకు తరలిపోయాయి. ఈ ఊరికి తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కాలంలోనే, కృష్ణకు అవతల అమరావతి దీపాలదిన్నెను కట్టుబడి రాళ్ళ కోసం తవ్వారు. 1797లో మెకంజీ చూసింది ఆ తవ్విన దిన్నెనే. శిల్పాలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి, సున్నమయ్యాయి. ఒక కాలానికి పూజనీయమైంది ఇంకో కాలానికి ఉచితంగా దొరికే రాయి అయింది. వస్తువు మారలేదు. దానికీ మనుషులకూ ఉన్న సంబంధం మారింది.

ధనంబోడు దగ్గర దొరికిన ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరపు శాసనం ఉంది. ఆ స్తంభాలు ఇచ్చినవాడు రాజు కాడు. సిద్ధార్థుడనే పనివాడు, నాగచంద్రుడి కొడుకు. తన వృత్తిని "ఆవేసని" అని చెప్పుకున్నాడు. రాతిపని చేసినవాడి పేరు పదిహేడు వందల ఏళ్ళు నిలిచింది. ఆ స్తూపం చుట్టూ రోజూ ఊడ్చినవాళ్ళ పేర్లు నిలవలేదు. శ్రమలో కూడా రాతికెక్కే శ్రమ, ఎక్కని శ్రమ అనే తేడా అప్పుడే ఉంది.

3

మా చిన్నతనంలో నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో చెత్త ఎవరూ దొంగతనంగా పారేసేవారు కాదు. వాళ్ళు మనకంటే మంచివాళ్ళు కావడం వల్ల కాదు. చెత్తకు ధర ఉండేది. ప్రతి రైతు ఇంటి దొడ్లోనో, ఊరిచివర తన జాగాలోనో దిబ్బ ఉండేది. పేడ, బూడిద, ఊకపొట్టు, రాలిన ఆకు, ఇల్లూడ్చిన మట్టి అన్నీ అక్కడికే పోయేవి. ఏరువాకకు ముందు దాన్ని బండ్లకెత్తి చేనికి తోలేవారు. ఎరువు బండి లెక్కన అమ్ముడుపోయేది. దిబ్బ మీది హద్దు కోసం అన్నదమ్ములు తగాదాపడేవారు. పాత ఊళ్ళ దిబ్బల్లోని పాటిమన్ను కూడా ఎరువుగా చేలకు పోయింది. దిబ్బ ఆస్తి. ఆస్తి గనక దానికి యజమాని ఉన్నాడు. యజమాని ఉన్నాడు గనక అది రోడ్డు మీదికి రాలేదు.

దీన్ని స్వర్ణయుగంగా నేను చెప్పడం లేదు. ఆ దిబ్బను కడవలతో, గంపలతో ఎత్తిపోసింది పాలేర్లు, వెట్టివాళ్ళు. చచ్చిన పశువును మోసుకుపోయింది ఎవరో అందరికీ తెలుసు. శుభ్రమైన పల్లె అనేది అంటరానితనం వేసిన పునాది మీద నిలబడిన శుభ్రత. అయినా ఆర్థికంగా ఒక చక్రం తిరిగేది. పొలం నుంచి వచ్చింది పొలానికి పోయేది.

ఆ చక్రం రెండు చోట్ల తెగింది. మొదటిది, 1960ల తర్వాత రసాయనిక ఎరువు బస్తాల్లో వచ్చింది. మా మెట్టలో పత్తి, మిరప వేసే రైతుకు దిబ్బ ఎరువు తోలే కూలికంటే యూరియా బస్తా చవకగా కనిపించింది. రెండోది, ప్లాస్టిక్. ఆకులో కట్టిన పొట్లం దిబ్బలో కలిసి మన్నవుతుంది. పాలితీన్ సంచి మన్ను కాదు. గాజుపెంకు, బ్లేడు, సూది, సంచి కలిసిన పట్నం చెత్తను ఉచితంగా ఇచ్చినా ఏ రైతూ చేలో పోయించుకోడు. అలా దిబ్బకు ధర పోయింది. ధర పోగానే యజమాని మాయమయ్యాడు. యజమాని లేని వస్తువుకు గమ్యం ఎప్పుడూ ఒకటే: ఎవరూ ఎదురుచెప్పలేని చోటు.

ఆ చోట్లు ఎక్కడున్నాయో లెక్క తీయండి. వాగు, చెరువు అలుగు, శ్మశానం, హైవే పక్క గుంట, దళితవాడ వెనక పోరంబోకు. మా ప్రాంతంలో మునేరు, పాలేరు ఒడ్డులు. కాస్త పెద్ద నగరమైతే హైదరాబాదుకు జవహర్‌నగర్, విజయవాడకు చాలాకాలం సింగ్‌నగర్. ఈ జాబితాలో ఏ ఊళ్ళోనూ ఆఫీసర్ల కాలనీ కనబడదు. చెత్త పల్లానికి పారుతుంది అంటాం. ఆ పల్లం భూమిది మాత్రమే కాదు, సమాజానిది కూడా.

4

దీనికి జరిమానాయే మందు అనేవాళ్ళున్నారు. ఆ మందు చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రం వీధిలో దుమ్మూధూళీ పోసినవాడికి పణంలో ఎనిమిదో వంతు, బురదనీళ్ళతో అడ్డం చేసినవాడికి నాలుగో వంతు జరిమానా వేసింది. రాజమార్గమైతే రెట్టింపు. చచ్చిన పిల్లినో కుక్కనో నగరంలో పారేస్తే మూడు పణాలు. మనుస్మృతి కూడా రాజమార్గంలో మలినం వేసినవాడు రెండు కార్షాపణాలు కట్టి, ఆ మలినాన్ని వెంటనే తానే తీసివేయాలంటుంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. వేసినవాడే ఎత్తాలన్న ఈ సూత్రం అమలైతే ఈ దేశంలో పాకీపని అనే కులవృత్తే పుట్టకూడదు. కాని అదే మనుస్మృతి చండాలుడి నివాసం ఊరి బయట ఉండాలని శాసించింది. ఒక చేత్తో వేసినవాణ్ణి ఎత్తమంది, ఇంకో చేత్తో ఎత్తేవాణ్ణి పుట్టుకతోనే ఏర్పాటు చేసింది. మన సమాజం మొదటి చెయ్యిని మరిచిపోయి రెండో చెయ్యిని పట్టుకుంది. జరిమానా పుస్తకంలో ఉండిపోయింది, పార మనిషి చేతిలో ఉండిపోయింది.

ఇంగ్లీషువాళ్ళు వచ్చాక 1860 శిక్షాస్మృతిలో ప్రజాబాధ ఒక నేరమైంది. 1884లో మద్రాసు రాష్ట్రంలో జిల్లా మునిసిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. ఊడ్చే పని ప్రభుత్వ సంస్థది అయింది. అది ముందడుగే. కాని ఆ ఊడ్చే ఉద్యోగానికి వాళ్ళు కొత్త మనుషుల్ని తయారు చేయలేదు. కులవ్యవస్థ తయారుచేసి ఉంచినవాళ్ళనే తీసుకున్నారు. ఉత్తరాంధ్రలో పండ్లు, గడ్డి, కూరగాయలు అమ్ముకుని బతికిన రెల్లి కులస్థులు విశాఖపట్నం, రాజమండ్రి, బెజవాడ పట్టణాల్లో మునిసిపల్ ఊడ్పుపనిలోకి వచ్చి అక్కడే తరాలకు తరాలు ఉండిపోయారు. కులవృత్తి సర్కారీ రిజిస్టరులోకి ఎక్కింది.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పుట్టింది మా పెనుగంచిప్రోలులో, 1889లో. ఆయన నడిపిన చీరాల పేరాల ఉద్యమాన్ని మనం స్వాతంత్ర్యోద్యమంలో ఒక వీరగాథగా చదువుకుంటాం. అది మునిసిపాలిటీ మీద జరిగిన పోరాటం అన్న సంగతి మరిచిపోతాం. ఏడాదికి నాలుగువేల రూపాయలు పన్ను కట్టే గ్రామయూనియన్‌ను 1919లో మునిసిపాలిటీ చేస్తే పన్ను నలభైవేలయింది. జనం తమకు మునిసిపాలిటీ వద్దన్నారు. 1921లో ఊరు ఖాళీ చేసి రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. నాయకుణ్ణి జైలుకు పంపాక ఉద్యమం చల్లబడింది. దాని సారం ఒక్కటే: జనానికి మాట లేని చోట జనం మీద పన్ను నిలవదు.

నూరేళ్ళ తర్వాత అదే పాఠం మళ్ళీ వచ్చింది. 2021 అక్టోబరు 2న విజయవాడలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ బండ్లు బయల్దేరాయి. ఇంటింటికీ వసూలు చేసిన రుసుమును జనం "చెత్తపన్ను" అన్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. పన్ను పోయింది. మంచిదే. చెత్త మాత్రం ఉంది. దాన్ని ఎత్తేవాడి కూలి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న కూడా ఉంది. పన్ను వేసినవాళ్ళూ తీసేసినవాళ్ళూ ఇద్దరూ ఇంటి యజమానితోనే మాట్లాడారు. 2023 డిసెంబరు ఆఖరి వారంలో మొదలై 2024 జనవరి దాకా సాగిన సమ్మెలో రాష్ట్ర మునిసిపల్ కార్మికులు సమానపనికి సమానవేతనం, ఉద్యోగభద్రత అడిగారు. ఆ రోజుల్లో వీధుల్లో పేరుకున్న చెత్తను చూసి నా తోటి మధ్యతరగతివాళ్ళు "ఎంత కంపు!" అన్నారు. ఇంతకాలం ఆ కంపు ఎవరి ముక్కుల్లో ఉందో అడిగినవాళ్ళు తక్కువ.

5

చెత్త మన సమాజంలో కేవలం వస్తువు కాదు, అవమానించే సాధనం కూడా. దీనికి మన పాత జిల్లాలోనే రుజువుంది. 2020 డిసెంబరులో ఉయ్యూరులో బ్యాంకుల గుమ్మాల ముందు బండ్లతో చెత్త తెచ్చి పోశారు. ప్రభుత్వ పథకాల లబ్ధిదారులకు అప్పులివ్వలేదని ఆ నిరసన. పేదలకు అప్పు దొరకాలన్న కోరిక న్యాయమైంది. కాని ఊరి చెత్త తీయాల్సిన బండ్లే చెత్త పోయడానికి ఉపయోగపడితే ఏమనాలి? ఆ చెత్తను ఎత్తింది బ్యాంకు మేనేజరు కాదు. పోసిన చేతులూ ఎత్తిన చేతులూ కూడా పారిశుధ్య కార్మికులవే అయి ఉంటాయి. యజమానుల మధ్య తగాదాలో కూడా పార పట్టుకున్నది వాళ్ళే.

ఆ చేతులు తిరగబడిన చరిత్ర కూడా ఉంది. ఆ చరిత్రలో మన తెలుగుపేరు ఒకటుంది. బెజవాడ విల్సన్ 1966లో కర్ణాటకలోని కోలారు బంగారుగనుల్లో ఒక తెలుగు దళిత కుటుంబంలో పుట్టాడు. దేశానికి బంగారం ఇచ్చిన ఆ ఊళ్ళో గనికార్మికుల పాయిఖానాలు చేత్తో ఎత్తింది ఆయన కుటుంబం, ఆయన వాడ. బంగారం తీసేసిన మట్టి అక్కడ ఇప్పటికీ కొండలుగా ఉంది. వాటిని సయనైడ్ దిబ్బలంటారు. 2001లో గనులు మూతపడ్డాయి, బంగారం వెళ్ళిపోయింది, దిబ్బలు మిగిలాయి. విల్సన్, ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ కలిసి 1994లో సఫాయి కర్మచారి ఆందోళన్ స్థాపించారు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం ఉంది. అది కాగితం మీదనే ఉందని వీళ్ళు ఊరూరా తిరిగి లెక్కలతో చూపించారు, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2013లో మరింత కచ్చితమైన చట్టం వచ్చింది. 2016లో విల్సన్‌కు మెగసెసే బహుమతి వచ్చింది. నా దృష్టిలో బహుమతికంటే పెద్ద విషయం, ఆ పని చేసేవాళ్ళే "ఇక ఎత్తం" అనడం. దిబ్బకు యజమాని ఎవరన్న ప్రశ్న మొట్టమొదట గట్టిగా వేసింది వాళ్ళు.

6

మరి చెత్తకుప్పను ఆపిన అనుభవం ఎక్కడా లేదా? ఉంది. దూరం కూడా కాదు. మా పేట మీదుగా పోయే హైదరాబాదు రోడ్డులోనే, కోదాడ దాటాక సూర్యాపేట. 2003లో అక్కడి మునిసిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధి చెత్తకుండీల్ని తీసేయించారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కాని తర్కం సరైంది: కుండీ ఉన్నచోటే కుప్ప పుడుతుంది. ఇంటి గుమ్మం దగ్గరే తడిచెత్త వేరుగా, పొడిచెత్త వేరుగా తీసుకున్నారు. కొట్లవాళ్ళ దగ్గరా అంతే. మహిళాసంఘాలు అప్పు తీసుకుని కొన్న ట్రాక్టర్లను మునిసిపాలిటీ అద్దెకు పెట్టుకుంది. తడిచెత్త కంపోస్టు, వానపాముల ఎరువు అయింది. పొడిచెత్త అమ్ముడుపోయింది. దేశం నలుమూలల నుంచీ మునిసిపాలిటీలవాళ్ళు వచ్చి చూసివెళ్ళారు.

సూర్యాపేట చేసిందేమిటి? తెగిన చక్రాన్ని మళ్ళీ అతికించింది. వేరుచేసిన చెత్తకు మళ్ళీ ధర వచ్చింది. ధర వచ్చేసరికి యజమాని వచ్చాడు. రేకుబోర్డులు, జరిమానాలు, కుప్ప చోట వేసే ముగ్గులు, గోడల మీద దేవుడి బొమ్మలు, ఇవేవీ ఆ పని చేయలేవు. దేవుడి బొమ్మ ఉన్న గోడను వదిలి పక్కగోడకు పోతారు, అంతే. అయితే సూర్యాపేటను పొగిడి ఊరుకోవడం కూడా తప్పే. అధికారి బదిలీ అవుతాడు. జనం, కార్మికులు కలిసి నిలబెట్టని వ్యవస్థ ఏదైనా ఒక మనిషి ఉత్సాహం మీద ఆధారపడుతుంది.

అధికారులు డబ్బులేదంటారు. ఆ సమాధానం చెల్లదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వీధి జనం మురుగు భరించలేక మునిసిపాలిటీ మీద కేసు వేశారు. వి.ఆర్. కృష్ణయ్యర్, ఓ. చిన్నపరెడ్డి ఉన్న ధర్మాసనం, నిధులు లేవన్న సాకుతో మునిసిపాలిటీ బాధ్యత తప్పించుకోలేదని తీర్పిచ్చింది. ఆ కేసు నడిచింది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను కింద. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అది 152వ సెక్షను. ఏ పౌరుడైనా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు 1996లో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో చెత్త నియమాలు వచ్చాయి. 2016లో వచ్చిన నియమాలు పరిశ్రమల మీద కూడా బాధ్యత పెట్టాయి. చెత్త నుంచి ఇంధనం తయారుచేసే కేంద్రానికి వంద కిలోమీటర్లలోపు ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం అయిదు శాతం దాన్ని వాడాలన్నాయి. సున్నపురాయి గనులూ సిమెంటు కొలుములూ ఉన్న మా ప్రాంతానికి ఇది చాలా సంబంధించిన సంగతి. మా గుట్టలు తవ్వుకుంటున్న పరిశ్రమ మా దిబ్బల్లో వాటా తీసుకోవాలని అడగడం అన్యాయం కాదు. దాని పొగ మళ్ళీ మా ఊపిరితిత్తుల్లోకే రాకుండా చూడమనడం కూడా అన్యాయం కాదు.

7

చివరగా మన సాహిత్యం. ముల్క్ రాజ్ ఆనంద్ 1935లో పాయిఖానాలు ఎత్తే కుర్రవాడి ఒక్కరోజును నవలగా రాశాడు. తకళి శివశంకర పిళ్ళై 1947లో అలెప్పీ తోటివాళ్ళ మూడు తరాల కథ రాశాడు. మనవాళ్ళు "చెత్తకుండీ" అన్న మాటను ఉపమానంగా ఎన్నిసార్లు వాడారో లెక్కలేదు. వ్యవస్థ చెత్తకుండీ, చెత్త సాహిత్యం, చరిత్ర చెత్తబుట్ట. నేనూ వాడాను. నిజమైన చెత్తకుండీ దగ్గర నిలబడిన మనిషి వైపు నుంచి చూస్తే ఈ ఉపమానాలన్నీ ఆమె పనిని తిట్టుగా వాడుకోవడమే. సాహిత్య విద్యార్థులు ఈ ఒక్క విషయం మీద పరిశీలన చేస్తే మన అభ్యుదయ రచనలో ఎంత మధ్యతరగతి దాగి ఉందో బయటపడుతుంది.

వాన వెలిసిన నెలకు మా వీధిలో ఏడెనిమిది కుటుంబాలం కూర్చున్నాం. తీర్మానాలు పెద్దవేం కాదు. తడి, పొడి వేరుచేయడం. సూదులు, గాజుపెంకులు విడిగా కాగితంలో చుట్టి, పైన రాసి ఇవ్వడం. కోడిమాంసం కొట్లవాళ్ళతో మాట్లాడటం. కార్మికులకు తొడుగులు, బూట్లు ఇవ్వాలని మునిసిపాలిటీకి అర్జీ. ఆ అర్జీ మీద మొదటి సంతకం కార్మికురాలిదే ఉండాలని ఒకరన్నారు. ఆమెను అడిగితే వద్దన్నది. "నేను పెడితే నా పని పోద్ది. మీరు పెట్టండి మాస్టారూ, మీకేం పోదుగా" అన్నది.

కాంట్రాక్టు పద్ధతి అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన వ్యాసం నేను చదవలేదు. మేం సంతకాలు పెట్టాం. తొడుగులు ఒకసారి వచ్చాయి, చిరిగిపోయాయి, రెండోసారి అర్జీ పెట్టాం. రేకు ఇంకా అక్కడే ఉంది. దాని కింద కుప్ప తగ్గింది కాని పోలేదు. రాత్రిపూట వేరే వీధులవాళ్ళు వస్తున్నారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. వాళ్ళ వీధికి వెళ్ళి కూర్చోవాలి. వచ్చే ఆదివారం వెళుతున్నాం.